మూడో ఫోటోలోని హెడ్డు

బావమరిదికి,

పంతొమ్మిదేళ్ల తర్వాత ఉత్తరం రాశావు, అదీ క్షేమం అడగడానికి కాదు, మీవాడి రేసు కారుకు తక్కువ ఖర్చులో ఏ సిలిండర్ హెడ్డు, అదే ఇంజను పైమూత, వెయ్యాలో చెప్పమని. పుస్తకాలు చదివి చెడ్డానని నవ్వినవాడివి, చివరికి నన్నే అడిగావు. సరే.

నువ్వు పంపిన మూడు ఫోటోల్లో మొదటిదానిలోది కొత్తది, చవక. వాల్వు సీట్లు ఒకసారి నూరించుకుంటే చాలు. రెండోదాని పోర్టులు, అంటే గాలి పోయే దారులు, మరీ పెద్దవి. మీ చిన్న ఇంజనుకు అది పెడితే పసివాడికి తాత చెప్పులు తొడిగినట్టే.

మూడోది మీ షెడ్డు మూలలో దొరికిందన్నావు. దాని అంచున మూడు చుక్కలున్నాయి, చూశావా? అది నా పంచ్ గుర్తు. మీ అన్నయ్య కారుకు నేను అతుకు వేసి ఇచ్చిన హెడ్డది. రేసులో ఇంజను పట్టేసి, కారు పల్టీ కొట్టి అతను పోయినరోజు, "బావ వేసిన అతుకే మా అన్నను మింగింది" అని శవం ముందే అరిచావు. నేనూ నమ్మాను. మీ అక్క తను పోయేదాకా నాతో మాట్లాడలేదు. ఆ హెడ్డును ఫౌండ్రీ కొలిమిలో వేయించి, ఆఖరి ముక్క కరిగేదాకా పక్కనే నిలబడి చూశాను.

ఇప్పుడు నువ్వు పంపిన ఆ మూడో ఫోటోను భూతద్దంతో చూశాను. నా అతుకు చెక్కుచెదరలేదు. పగులు బోల్టు రంధ్రం దగ్గర మొదలైంది. ఆ బోల్టులు బిగించింది నువ్వు, బిగువు కొలవకుండా. "చేతికి తెలుస్తుంది బావా, టార్క్ రెంచి ఎందుకు?" అన్నావు.

మొదటిదే కొను. నీ కొడుకును మూడోదాని దగ్గరికి రానివ్వకు. దాన్ని కరిగించింది నేను. అయినా అది నన్ను వెతుక్కుంటూ రాలేదు, నీ షెడ్డుకే వచ్చింది.

నీ బావ