కనుమ దాకా ఒక్కదాన్నే

ఫొంగ్‌సాలీ, గురువారం

అమ్మకు, నీ మనీవన్ ఇక్కడ కులాసా. నా కాలు గురించి బెంగ పెట్టుకోకు. అది విరిగి ఏడాది దాటినా, మా పెద్ద నర్సమ్మ "నువ్వు కొండ ఎక్కలేవు" అని, కనుమ అవతలి ఊరి గర్భిణులను చూసే పని నాకివ్వలేదు. అందుకే నిన్న సెలవు పెట్టి, తెల్లారకముందే ఒక్కదాన్నే బయల్దేరాను. రెండుచోట్ల కూలబడ్డాను గానీ వెనక్కి తిరగలేదు. పైకి చేరేసరికి కిందంతా పొగమంచు, ఎదురుగా అప్పుడే పొడుస్తున్న సూర్యుడు, చుట్టూ చడీచప్పుడు లేదు. నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంతలో అవతలి వైపు నుంచి వెదురు కొమ్ముల గంపతో అఖా తెగకు చెందిన ఒక అవ్వ ఎక్కొచ్చింది.

"ఒక్కదానివే వచ్చావా? మీ ఆయనేడే?"

"ఎవరింట్లో నిద్రపోతున్నాడో అవ్వా, నాకింకా పెళ్లి కాలేదు!"

అవ్వ పగలబడి నవ్వి, తన జిగురన్నంలో సగం నాకు పెట్టింది. నర్సునని చెప్పగానే, "మా కోడలికి ఎనిమిదో నెల. మళ్లీ ఎక్కగలవా?" అంది. వస్తానన్నాను. ఇవాళ నర్సమ్మకు అంతా చెబితే, "చేతికర్ర మర్చిపోకు" అంటూ ఆ ఊరికి నా పేరే రాసింది.

ఊలు మేజోళ్లు రెండు జతలు పంపు. పంది ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? అత్తయ్యకు నా నమస్కారాలు. అవ్వకు మనవరాలు పుడితే నీ పేరు పెట్టమని అడుగుతాను.