తులసి మడికి నూలు వత్తి

అవ్వా,

నేను తులసికి నీళ్లు పోయడం మానేశానని మెట్‌పల్లిలో మా వాడంతా చెప్పుకుంటున్నది నిజం కాదు. కన్నుమూసే ముందు నువ్వు బోథ్ నుంచి తెచ్చిచ్చిన ఆ తులసిని నేనే కట్టిన కొత్త మడిలో నాటాను. అడుగున ఉన్న తొట్టిని పైపుతో నింపితే చాలు, నూలుగుడ్డ వత్తి ఆ నీళ్లను పైనున్న మట్టికి అందిస్తుంది.

“టీచరమ్మకు సదువెక్కువైంది, దేవుడు తక్కువైండు” అని పక్కింటి రాజవ్వ గోడ మీది నుంచి అంటే నవ్వి ఊరుకున్నాను. చేతులు వణికి చెంబు నిలవడం లేదని ఒప్పుకోవడం కన్నా నాస్తికురాలినన్న పేరే నయమనుకున్నాను. నీకిది రాస్తుంటే సిగ్గుతో తల వాలిపోతున్నది.

మడిని తీసెయ్యను. రేపటి నుంచి మాత్రం రాజవ్వ వాకిలి ఊడ్చే వేళకే చెంబుతో బయటికి వస్తాను. సగం నీళ్లు ఒలికినా సరే, ఆమె చూస్తుండగానే పోస్తాను.