లైసెన్సు లేని రమ్ము

మాతెలో, ట్రినిడాడ్
మంగళవారం

నా బంగారు తల్లి మార్సెలిన్‌కి,

నీ ఉత్తరం అందింది. గురువారం కోర్టులో తప్పయిందని ఒప్పేసుకుని, జుల్మానా కట్టి ఇంటికి పొమ్మన్నావు. అలా అననమ్మా. జైలుకైనా పోతాను. ఎందుకో చెబుతాను, మధ్యలో దారి తప్పితే ఓర్చుకో, నీకు తెలిసిన జబ్బే.

నేను పెరట్లో రాగి కాగు పెట్టి, చెరకు రసం కాచి రమ్ము దింపుతాను. కొండ కింద ఎస్టేటు వాళ్ళదీ అదే చెరకు, అదే మంట. వాళ్ళ సీసా మీద ఓడ బొమ్మ ఉంటుంది కాబట్టి అది పరిశ్రమ. నాది పాత నిమ్మసోడా సీసాలో ఉంటుంది కాబట్టి నేరం. లైబ్రరీలో కూర్చుని ఆ చట్టం చదివాను. పక్క పేజీలో గాడిదల చట్టం కూడా చదివాను, అది ఇంకా బాగుంది. రమ్ము చట్టం రాసిననాడు బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చున్నారట, అందులో ఏడుగురికి ఎస్టేట్లున్నాయి. కాగున్నవాణ్ణి ఒక్కణ్ణీ పిలవలేదు. పిలిచి ఉంటే దొంగల జాబితా ఇంకోలా ఉండేది.

ఇంకొక మాట. ఎక్సైజు ఆఫీసులో ఉద్యోగానికి చేరేటప్పుడు మీ నాన్న పోయాడని చెప్పావని మీ పిన్ని నోరు జారింది. కోపం లేదు. కాగున్నవాడి కూతురికి ఆ కుర్చీ ఇవ్వరు. కానీ అది విన్న రోజు కాగు కింద మంట పెట్టలేదు.

మీ నాన్న
యూస్టస్

పట్నం జైలు
శుక్రవారం

అమ్మా మార్సెలిన్,

మూడు నెలలు వేశారు. మేజిస్ట్రేటు సీసా వాసన చూపించమన్నాడు. నన్ను పట్టుకున్న సార్జెంట్ బొనిఫాస్ మూత తీసి, ముందు నాలుగు చుక్కలు కోర్టు నేల మీద ఒలికించి, తరవాత అందించాడు. తాగేముందు పోయినవాళ్ళ వాటా నేలకి పొయ్యాలి కదా, ఇంటి రమ్ము పట్టుకుంటే చెయ్యి ఆగదు.

"ఏమిటయ్యా అది?" అన్నాడు మేజిస్ట్రేటు.

"అలవాటండీ. మా అమ్మ దినానికి కూడా ఈ ముసలాయన రమ్మే."

"మరి అప్పుడు పట్టుకోలేదేం?"

"అప్పుడు తాగుతున్నానండీ."

హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు కూడా నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకుని, శిక్ష చదివాడు.

ఇక్కడ పప్పు నీళ్ళగా ఉంది. నా గదిలో ఒకడు లైసెన్సు లేకుండా చేపలమ్మాడు, ఇంకొకడు ఎస్టేటులో రాలిన కొబ్బరికాయలు ఏరాడు. నువ్వు రావద్దు. పోయినవాణ్ణి పోయినట్టే ఉండనీ.

నాన్న

పోర్ట్ ఆఫ్ స్పెయిన్
సోమవారం

నాన్నా,

బుధవారం వస్తున్నాను. సెలవు చీటీలో కారణం దగ్గర "జైల్లో ఉన్న మా నాన్నని చూడడానికి" అని రాశాను. పెద్ద గుమాస్తా రెండుసార్లు చదివి, "మీ నాన్న పోయారన్నావుగా," అన్నాడు.

"అబద్ధమండీ. ఊళ్ళో రమ్ము కాస్తాడు," అన్నాను.

ఆయన చీటీ మీద సంతకం పెట్టలేదు. వస్తున్నాను.

మార్సెలిన్