మంచం కింద మందు

మా ఇంటి బీరు మాస్టరమ్మకి,

ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. సీసాల క్షేమం కింద రాస్తాను, ముందు మిగతావి చదువు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్లు పండాలని నువ్వు చేసిపెట్టి వెళ్లిన పన్నెండు సీసాలనీ నిలబెట్టే ఉంచాను, పడుకోబెట్టలేదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు మీ అమ్మ మంచం కిందేనని తేలింది. ఎండలు ముదిరాక, దుకాణంలో మిగిలిన లైనింగ్ గుడ్డతో ఒక్కోదానికీ చొక్కా కుట్టి తొడిగాను. రోజూ వంగి నీళ్లు చల్లుతున్నాను. సీసాలకి కాలర్లెందుకని అడగకు, దర్జీ చెయ్యి ఊరుకోదు.

అత్తయ్య మోకాళ్లా? భేషుగ్గా ఉన్నాయి. డాబా ఎక్కి బట్టలారేస్తోంది, అదీ పాడుకుంటూ.

ఇక దాచి లాభం లేదు. నువ్వెళ్లిన రోజు ఆవిడ "మంచం కింద ఏమిటయ్యా అవి?" అంది. బీరు అనడానికి నోరు రాక, "అమ్మాయి చేసిన మందు, అత్తయ్యా" అన్నాను. మొన్న ఒక చొక్కాకి గుండీ ఊడితే కుడదామని సీసా ఎత్తాను. దూదిలా తేలిపోయింది. మొత్తం తొమ్మిది ఖాళీ! బుద్ధిగా మూతలు పెట్టి, చొక్కాలతో సహా నిలబెట్టి ఉన్నాయి.

"అయ్యో, అది బీరు అత్తయ్యా!"

"మందే కదయ్యా, నువ్వే అన్నావుగా. నెలకొకటే తాగాను. సీసాలు పారేస్తే అది తిడుతుందని దాచాను."

నేను సీసాలు మళ్లీ లెక్కపెట్టాను. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని లెక్క అప్పజెప్పింది. మొదటి నెల గొంతు పట్టేసే చేదట. నాలుగో నెలకి చేదు దిగి ఎండుద్రాక్ష రుచి వచ్చిందట. ఏడో నెలది ముదురు పాకంలా అమృతమట. "ఈ నెలదాంట్లో తడిసిన అట్టపెట్టె వాసన మొదలైంది. మన ఎండకి రెండేళ్ల పని ఏడు నెలల్లోనే అయిపోయింది. ఇంకా ఉంచితే పాడే. అమ్మాయికి రాయి" అంది.

అందుకే రాస్తున్నాను. అక్కడి బీరు కార్ఖానాలో ఇంకో ఏడాది ఉండమన్నారని, "బీరు ఎలాగూ రెండేళ్లు పండాలి, ఈలోగా నేనొచ్చి చేసేదేముంది" అని పోయిన ఉత్తరంలో అన్నావు. అది చదివి రెండు రోజులు మిషను తొక్కలేకపోయాను. సరే, నీ చదువు, నీ పని, ఆపే హక్కు నాకు లేదనుకుని నోరు మూసుకున్నాను. కానీ నాకు నువ్వు లేకపోతే బాగోలేదు. ఆ మాట రాయడానికి తొమ్మిది నెలలు పట్టింది.

మూడు సీసాలు మిగిలాయి. వాటితోపాటు ఇదే ఇంట్లో, ఇదే ఎండలో నేనూ నిలవున్నాను. త్వరగా వచ్చి చూసుకో.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ దర్జీ మొగుడు