నిలబడ్డ చందమామ బరువు

నా చందమామకి,

మీ అక్కకి కొత్తగా పుట్టిన మనవరాలిది ఎవరి పోలిక? మీ అక్క ముక్కు రాకపోతే చాలు, మిగతాది ఎలా ఉన్నా సర్దుకుపోవచ్చు. ఫోన్ చేద్దామంటే ఆవిడ నీ పక్కనే కూర్చుని నీ మాటలూ నా మాటలూ కూడా తనే మాట్లాడేస్తుంది. అందుకే ఉత్తరం.

నాటకశాల మరమ్మతులకి మూసేశారు కదా, మధ్యాహ్నాలు ఇక్కడ అలికిడే ఉండదు. పైకప్పు అద్దాల్లోంచి దిగే వెలుతురులో దుమ్ము తేలుతూ ఉంటుంది, పైకీ పోదు, కిందికీ రాదు. అట్ట కొండ వెనక, నువ్వు నిలబడే చోట కూర్చుని రాస్తున్నాను. ఇన్నేళ్లుగా నువ్విక్కడ, నేను పక్క తెర చాటున. పిల్లల నాటకం చివర్లో మద్దెల మీద దెబ్బ పడగానే నేను కప్పీ మీది తాడు పట్టుకుని ఒళ్లంతా వేసి కిందికి కూర్చునేవాణ్ని. నువ్వు తెల్లటి బట్టల్లో చందమామవై కొండ మీదికి తేలి వచ్చేదానివి. హాల్లో పిల్లలంతా ఒక్కసారి ఊపిరి పీల్చేవాళ్లు. ఆ చప్పుడు వినడానికే నేను ఈ ఉద్యోగంలో ఉండిపోయాను.

ఇప్పుడు నా బదులు మోటారు వస్తోంది. ఎంత పవరున్నది కావాలో లెక్క నన్నే తేల్చమన్నాడు మేనేజరు. బిగించడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి నేర్పింది, పెద్ద కష్టమేమీ కాదు. లేపే బరువుని అది పైకి పోయే వేగంతో గుణించాలి. అదే బరువుని నెమ్మదిగా లేపితే చిన్న మోటారు చాలు, గబగబా లేపాలంటే పెద్దది కావాలి. నువ్వూ, నడుముకి కట్టే బెల్టూ, బట్టలూ కలిపి అరవై కిలోలు. నీ బరువు నువ్వు చెప్పిందే వేశాను, ఎదురు మాట్లాడే ధైర్యం నాకెప్పుడుంది? సెకనుకి ఒక మీటరు చొప్పున పైకి పోవాలి. కిలోకి పది చొప్పున వేస్తే సుమారు ఆరువందల వాట్లు. ఒక హార్స్‌పవర్ మోటారు పెడితే కప్పీ రాపిడికి పోగా ఇంకా కాస్త మిగులుతుంది.

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "బాబాయ్, అది కదులుతున్నప్పటి లెక్క. నిలబడి ఉన్నదాన్ని కదిలించాలంటే ఇంకా బలం కావాలి. మద్దెల దెబ్బకి టక్కున లేవాలంటే ఇంకో మూడో వంతైనా ఎక్కువ వెయ్యాలి" అంది.

"నీ పుస్తకంలో అలా ఉందేమోనమ్మా. ఇన్నేళ్లు లాగినవాణ్ని నేను. మా ఆవిడ మొదట్లోనే తేలిక, పైకి పోయాకే బరువు" అన్నాను.

"సరే, మీ మాట ప్రకారమే తెప్పిద్దాం. ముందు ఇసుక బస్తాతో చూద్దాం, అదే చెప్తుంది" అంది.

ఇంక అసలు సంగతికి వస్తాను, ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను. మోటారు పెట్టమని అడిగింది నువ్వేనని మేనేజరు నోరు జారాడు. నాతో ఒక్క మాట అనలేదు నువ్వు. నా భుజం పాతబడింది, నిజమే. కానీ నిన్ను ఏనాడైనా జారవిడిచానా? నా చేతుల మీద నీకు నమ్మకం పోయిందని ఇంకొకరి నోట వినడం చాలా బాధగా ఉంది. రేవు గోదాములో కాటా దగ్గర పని చూసుకున్నాను. మోటారు మీద నువ్వొకసారి సుఖంగా పైకి వెళ్లడం చూసి, అక్కడ చేరిపోతాను. ఇది అలక కాదు. అలకైతే మాట్లాడకుండా కూర్చునేవాణ్ని, నీకు తెలుసుగా.

నీ తాడు మనిషి


చందమామా,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేక మళ్లీ రాస్తున్నాను. మోటారు వచ్చింది. నీ లెక్కకి సరిపడా ఇసుక తూచి, బస్తాకి నీ బెల్టు కట్టాం. ఎందుకో నాకే తోచి నీ తెల్లబట్టలు కూడా కప్పాను. "పిన్ని చూసిందంటే ఇద్దర్నీ ఉతికేస్తుంది" అని నవ్వింది ఇంజనీరమ్మాయి. మీట నొక్కాను. మోటారు గుర్రుమంది గానీ బస్తా లేవలేదు. నిద్ర చాలని మనిషిలా మూలుగుతూ, ఒక పాట పాదం పాడేంత సేపటికి నేల వదిలింది. వదిలాక మాత్రం ఏ ఇబ్బందీ లేదు, హాయిగా పైకి వెళ్లిపోయింది.

"మొదటి జానెడుకే బాబాయ్ అవస్థంతా" అంది ఆ అమ్మాయి. ఎత్తిపొడవలేదు, పాపం.

నాకు పౌరుషం వచ్చింది. మోటారు తప్పించి అదే బస్తాని చేత్తో లాగాను. భుజం కలుక్కుమంది. నువ్వెప్పుడూ ఇంత బరువు లేవు. బస్తా మళ్లీ తూయించాను, అరవై దగ్గరే నిలబడింది ముల్లు.

ఆ అమ్మాయి భోజనానికి వెళ్లాక, మోటారుతో పైకి పంపిన బస్తా కింద చాలాసేపు కూర్చున్నాను. అది నీ బట్టల్లో మెల్లగా ఊగుతోంది. కిందికి చూస్తే నువ్వు నిలబడే పలక మీద రంగు అరిగి రెండు మచ్చలు కనిపించాయి. వేలితో తడిమి చూశాను. మడమలు ఆనేచోట రంగు చెక్కుచెదరలేదు. మునివేళ్లు ఆనేచోట చెక్క గుంటలు పడింది. ఊరికే నిలబడే మనిషికి అక్కడెందుకు అరుగుతుంది?

అప్పుడు తెలిసింది. తాడు బిగిసేదాకా బస్తా కూర్చునే ఉంటుంది. నా తాడు బిగిసే వేళకి నువ్వు అప్పటికే పైకి వస్తూ ఉండేదానివి. ఇన్నేళ్లూ నేను అందుకున్నది కదులుతున్న బరువుని. అందుకే నా లెక్క తప్పింది.

నువ్వు ఎగిరేదానివి కదూ? ఎప్పట్నించి? నా చేతి చలవ అని నేను మురిసిపోయిందంతా నీ కాళ్లదేనా? గోదాము వాళ్లు ఒకటో తారీఖున రమ్మన్నారు. ఏ మొహం పెట్టుకుని ఇక్కడుండాలో, ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియడం లేదు. నిజం రాయి.

నీవాడు


శ్రీవారికి,

మీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. అక్కకి చదివి వినిపించలేదు, ముక్కు సంగతి ఉంది కాబట్టి. పిల్లకి అక్క ముక్కే వచ్చింది.

అవును, ఎగిరేదాన్ని. మీ భుజం మొదటిసారి బెణికిన ఏడాది మొదలుపెట్టాను. మీరు చెప్పలేదు, తాడు చెప్పింది. దానికి రెండో చివర నేనున్నానని మీకు గుర్తుండదు. మీ చెయ్యి వణికితే నా నడుము దగ్గర తెలిసేది. అడిగితే ఏమీ లేదంటారు, మీ సంగతి నాకు కొత్తా? అందుకే మద్దెల దెబ్బతో పాటే మోకాళ్లు వంచి ఎగిరేదాన్ని. కాళ్ల చప్పుడు మద్దెల మింగేసేది. ఆ చీకట్లో ఒక్క క్షణం తాడు వదులయ్యేది. పైకి పోతున్నానో ఆగిపోయానో తెలిసేది కాదు, నాకు ఒళ్లే లేనట్టుండేది. అంతలో మీరు అందుకునేవారు. నిజం చెప్పాలంటే రెండో ఏడాదికే మీ భుజం ఒక సాకు అయిపోయింది. ఆ క్షణం కోసమే ఎగిరాను.

మోటారు అడిగిందీ నేనే. నా మోకాళ్లు పోయాయండీ. మొన్న ఆఖరి ప్రదర్శనలో ఎగరలేకపోయాను. మీరు భుజం పట్టుకుని వచ్చి, తాడు తడిసి బరువెక్కిందన్నారు. మోకాళ్ల సంగతి మీతో చెబితే, "పర్వాలేదు, నువ్వు నిలబడు, నేను లాగుతాను" అంటారు. లాగుతారు కూడా. అందుకే మేనేజరు దగ్గరికి వెళ్లాను. ముందు మీకు చెప్పాల్సింది.

ఇక మీ చేతుల సంగతి. పైకి వెళ్లడానికి నా కాళ్లు సాయపడ్డాయి, ఒప్పుకుంటాను. మరి కిందికి దిగేటప్పుడు? గాల్లో ఉన్నదాన్ని నేనేం చెయ్యగలను? ఆ బరువు మొత్తం మీరొక్కరే ఆపుకుంటూ దించారు. నేను కళ్లు మూసుకుని ఉండేదాన్ని. నేల ఎప్పుడు తగిలిందో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తెలియలేదు. మోటారు ఆ పని చెయ్యగలదని నేను నమ్మను. ఎక్కించడం దానికి వదిలేసి, దించే బ్రేకు మీ చేతిలో పెట్టమని ఇంజనీరమ్మాయిని అడగండి. దానికి భుజబలం అక్కర్లేదుగా, మీ చెయ్యి చాలు. గోదాము వాళ్లకి రానని చెప్పండి. బస్తాలకి ఎవరు దించినా ఒకటే.

లెక్క మళ్లీ వెయ్యండి, ఈసారి నిలబడ్డ మనిషికి. ఇంకొకటి, నా బరువు మూడు కిలోలు తగ్గించి చెప్పాను. అదీ కలపండి. ఆ అమ్మాయి అడిగితే బట్టలు బరువని చెప్పండి.

మీ
చందమామ