మీ అమ్మ పెట్టిన షరతు

చిట్టితల్లికి,

దేవుని కాపుదలలో నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతూ నాన్న రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. షాపు నడుస్తోంది. లోకంలో మేకులున్నన్నాళ్ళూ టైర్లు పంక్చరవుతూనే ఉంటాయి కనుక దేవుడు నన్ను పస్తు పెట్టడు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో నా గొంతు సంగతి నీకు తెలియనిదా? 'హలో' అంటూనే వేదిక ఎక్కేస్తుంది. సంఘంలో నాకు 'పిడుగుగారు' అన్న పేరు ఊరికే రాలేదు. కాగితం మీదైతే నిదానంగా ఉంటానని ఆశ.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. నేనూ మీ అమ్మా చేసిన సముద్రతీర ప్రయాణంలో వ్యాను బాగానే లాగింది. తీరం వెంబడి రోడ్డు బాగుంది కానీ ఉప్పుగాలికి అద్దం ఊరికే మసకబారేది. వైపర్ వేస్తే ఇంకా పులుముకునేది. మీ అమ్మ తన పైట చెంగు తడిపి తుడిచి, "ఇప్పుడు కనిపిస్తోందా లోకం?" అనేది. చేపల సంగతి అడిగావు. వలలోంచి తీసి ఇంకా తోక కొట్టుకుంటున్న చేపను అక్కడికక్కడే ఉప్పూ కారం రాసి నిప్పుల మీద కాలిస్తే, చేప కడుపులో పడ్డ ప్రవక్త కూడా పగ మరిచిపోయి రెండు ముక్కలు అడుగుతాడు. పీతలు తినడం నాకు చేతకాలేదు. మీ అమ్మే డొప్పలు పగలగొట్టి లోపలి మాంసం నా ప్లేటులో పెట్టింది.

కెమెరా ఎలా పనిచేస్తోందని అడిగావు. నువ్వు కొనిచ్చినప్పుడు ఈ వయసులో ఆవిడకి ఇదెందుకన్నాను. తప్పు. ఇన్నేళ్ళు మిషను మీద వంగి ఊళ్ళో వాళ్ళ జాకెట్లు కుట్టిన మనిషి, ఆ అద్దంలోంచి చూస్తుంటే వీపు నిటారుగా నిలబడింది. నా ఫోటో కూడా ఒకటి తీసింది. అందులో నోరు తెరిచే ఉన్నాను. వేరేది తియ్యవే అంటే, "నోరు మూసుకున్న మిమ్మల్ని పట్టాలంటే ఇంతకన్నా వేగమైన కెమెరా కావాలండీ" అంది. ఇద్దరం పడి పడి నవ్వాం. మేమిద్దరం అలా నవ్వుకుని ఎంత కాలమైందో!

ఒకచోట పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్ళాం. ఒక ముసలామె ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తోంది. ఎండ ఏటవాలుగా ఆమె వేళ్ళ మీద పడుతోంది. నాకే ముచ్చటేసింది. మీ అమ్మ దగ్గరకెళ్ళి, "ఒక ఫోటో తీసుకోనా అమ్మా?" అని అడిగింది.

"ఇప్పుడొద్దమ్మా. నా జుట్టు చూడు, కాకిగూడులా ఉంది."

మీ అమ్మ కెమెరా దించేసి ఆమె పక్కన కూర్చుంది. నేను వ్యానులోంచి, "మంచి వెలుతురు పోతోందే! తీసేయరాదూ, ఆమెకేం తెలుస్తుంది?" అని అరిచాను.

"పోతే పోనివ్వండి. రేపు మళ్ళీ వస్తుందిగా వెలుతురు" అంది. ఆమె వల పని ముగించి జుట్టు ముడి వేసుకునే సరికి ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు తీసింది. నేను హారను కొడుతూ కూర్చున్నాను.

మీ అమ్మ ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు కదా. ఎంత తిప్పి రాసినా అక్కడికి రాక తప్పేలా లేదు.

బయల్దేరేముందు ఆవిడ నాకు ఒకే ఒక షరతు పెట్టింది. సామాను ఎక్కిస్తుంటే వ్యాను తలుపు పట్టుకుని నిలబడి, "ఈ దారి పొడుగునా నన్ను ఎవరి ముందూ సాక్ష్యం చెయ్యకండి. మీ ప్రసంగాల్లో నేను ఉడకని ఆదివారం లేదు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే సరేనన్నాను. నీకూ గుర్తుండే ఉంటుంది. ఆవిడ ఇస్త్రీ చేస్తూ చొక్కా చెయ్యి కాలిస్తే ఆ వారం నరకాగ్ని గురించి చెప్పాను. ఆవిడ గురక పెడితే మెలకువగా ఉండమన్న వాక్యం చెప్పాను. నువ్వు పరీక్ష తప్పిన సంగతి కూడా వదల్లేదు. నువ్వు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. జనానికి కథ కావాలి తల్లీ. నేను బళ్ళో చదివినవాణ్ణి కాను. టైర్లకు అతుకులు వేస్తూ, మసి చేతులతో పేజీలు తిప్పుతూ గ్రంథం నేర్చుకున్నవాణ్ణి. నాకు తెలిసిన కథలు మన ఇంట్లోవే.

ఆ ముసలామె ఫోటో తీసిన రోజు మధ్యాహ్నమే ఒడ్డున రేకుల షెడ్డులో భోజనానికి ఆగాం. మనం చేప ఎంచుకుంటే వంటాయన కాల్చి ఇస్తాడు. మీ అమ్మ బయట పడవల ఫోటోలు తీస్తోంది. వంటాయన భార్య ఒక మూల పీట మీద కూర్చుని ఉంది. పలకరించినా పలకదు, ముందున్న కంచం ముట్టదు. కారణం వంటాయన నా చెవిలో చెప్పాడు. అది వాళ్ళింటి దుఃఖం, ఇక్కడ రాయను. లేచి ఆమె ముందు నిలబడి మొదలుపెట్టాను. నాకు వచ్చిన వాక్యాలన్నీ చెప్పాను. తింటున్నవాళ్ళంతా చేతులు ఆపి వింటున్నారు. ఆమె ఒక్కసారి తలెత్తి, "మీకేం తెలుసయ్యా?" అంది.

"నాకు తెలియకపోవచ్చు. నా భార్యకు తెలుసమ్మా" అన్నాను.

అంతటితో ఆపలేదు. చెప్పేశాను. నువ్వు పుట్టకముందు మీ అమ్మ మీద పడ్డ ఒక కష్టం, ఆవిడ నాకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోనిది, ఇన్నేళ్ళూ ఏ ప్రసంగంలోనూ నేను కూడా ముట్టనిది, ఆ షెడ్డులో ముక్కూమొహం తెలియనివాళ్ళందరి ముందూ గొంతెత్తి చెప్పాను. ఇచ్చిన మాట మరిచిపోయానా? లేదు, గుర్తుంది. మంచి పనికి మాట తప్పితే దేవుడు తప్పు పట్టడనుకున్నాను.

వెనక్కి తిరిగేసరికి మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ ఆవిడనే చూస్తున్నారు, ఎవరో మెల్లగా 'పాపం' అన్నారు. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి ఆ పీట పక్కన నేల మీద కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. చాలాసేపటికి ఆ మనిషి మీ అమ్మ భుజానికి తల ఆనించి ఏడ్చింది, తరవాత రెండు ముద్దలు తింది. గ్రంథంలో, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఆ భక్తుడి దగ్గరకు స్నేహితులు వచ్చారే, నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపే వాళ్ళు మంచి స్నేహితులు. నోరు తెరిచాకే అంతా చెడింది. ఆ అధ్యాయం నేను ఎన్నోసార్లు చెప్పాను. చెప్పడమే చేశాను.

బయటకొచ్చి, "ఎక్కు, చీకటి పడకముందే వచ్చే ఊరు చేరాలి" అన్నాను.

"మీరు వెళ్ళండి. కొన్నాళ్ళు ఇక్కడుంటాను. వీళ్ళ షెడ్డు మీద ఒక గది ఉందట."

"ఏం మాటే అది? ఇప్పుడు నేను చేసిన తప్పేంటి? ఆమె ముద్ద ముట్టిందా లేదా?"

"ముట్టింది. మంచిదే."

"మరి?"

"మీరు వడ్డించింది నా కంచంలోదండీ. నన్ను అడిగుంటే నేనే పెట్టేదాన్ని."

"ఎవరూ తెలియని చోట ఒక్కదానివీ ఏం చేస్తావే?"

"ఎవరికీ ఉదాహరణ కాకుండా ఉంటాను" అని తన సంచీ, కెమెరా తీసుకుంది.

ఇదే తల్లీ, ఉత్తరం మొదట్లోనే రాయాల్సింది. మీ అమ్మ నాతో తిరిగి రాలేదు. నా ఫోనే కాదు, ఎవరి ఫోనూ ఎత్తడం లేదు. వంటాయనకు చేసి కనుక్కుంటే, "బాగానే ఉన్నారయ్యా, పొద్దున్నే పడవల దగ్గరికి వెళ్తున్నారు" అన్నాడు.

ఒక్కణ్ణే తిరిగొచ్చాను. అద్దం మసకబారితే బండి ఆపి నా చొక్కాతోనే తుడుచుకున్నాను. సంఘం వాళ్ళకని ఐసుపెట్టెలో తెచ్చిన రొయ్యలు దారిలోనే వాసన కొట్టాయి, పారేశాను. ఇంట్లో ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందని నాకిన్నాళ్ళూ తెలియదు. నేను మాట్లాడుతూ ఉండటం వల్ల వినబడలేదు కాబోలు. మిషను మీద ఎవరిదో జాకెట్టు సగం కుట్టి ఉంది. వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియక షాపులోనే ఎక్కువసేపు గడుపుతున్నాను. వంట చేసుకుంటున్నాను. తినేటప్పుడు ఎదుటి కుర్చీ వంక చూడను.

నాలో పేరుకున్న మకిలి కూడా రాయనివ్వు. ఆ ఒంటరి దారిలో, కళ్ళు తుడుచుకుంటూ ఉండగానే, నా నాలుక ఒక ప్రసంగం కట్టేసుకుంది. భార్య విడిచిపోయిన సేవకుడు అని పేరు కూడా పెట్టింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ జనం ఏడుస్తారో అంతా సిద్ధం. ఆదివారం లేచి నిలబడ్డాను. సంఘపెద్ద, "అమ్మగారు కనిపించడం లేదేమిటి పిడుగుగారూ?" అన్నాడు.

"సముద్రం దగ్గర ఉన్నారు" అన్నాను.

"ఒంట్లో బాగాలేదా? పేరు పెట్టి ప్రార్థన చేద్దామా?"

"చెయ్యండి. ఎందుకని మాత్రం అడక్కండి" అని కూర్చున్నాను. ఇంతోటి దానికా లేచాడు అన్నట్టు చూశారు. ముందు వరసలో ఒక సహోదరి నాకు జ్వరమేమోనని నుదురు చూపించమంది.

ఇప్పుడు నీకు కోపం వస్తుంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళకు చెప్పినవాడివి, కడుపున పుట్టినదానికి చెప్పవా నాన్నా అంటావు. చెప్పను తల్లీ. అది మీ అమ్మది. నీకు చెప్పాలని ఆవిడకి అనిపించిన రోజు చెబుతుంది. అనిపించకపోతే తెలియకుండానే ఉండు.

వంటాయన చిరునామా వెనక రాశాను. ఆవిడకి నువ్వు ఒక ఉత్తరం రాయి. నా తరఫున వాదించకు. నేను చిక్కిపోయానని, కన్నీళ్ళు పెట్టుకున్నానని రాయకు. అలా రాస్తే అదీ నా ప్రసంగమే అవుతుంది. నన్ను రానిస్తుందా అని ఒక్క మాట అడుగు. రమ్మంటే వ్యాను వేసుకుని వెళ్తాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. ఆవిడ ఏమన్నా సరే, ఆ మాట ఎవరి చెవినా వెయ్యను.

ఇట్లు,
మీ అమ్మ కబురు కోసం గుమ్మం చూస్తూ,
నీ నాన్న