బ్రేకులకు నూనె పోసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివేదాకా నేను బాగానే ఉన్నాను.

నాన్న సైకిలు బ్రేకులు కీచుమంటున్నాయని ఎవరైనా నూనె పోస్తారా? అదీ అమ్మ కుట్టుమిషను నూనె! నాన్న గేటు దగ్గర ఆగలేక పక్కింటి ఇసుక కుప్పలోకి పోయారంటే, పోక ఏం చేస్తారు మరి? ఇసుక కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది, అదే గోడయితే? నేనిక్కడ సైకిలు షాపులో పొద్దస్తమానం బ్రేకులు బిగిస్తుంటే మనింట్లో ఈ నిర్వాకం! చెబితే మా ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

పైగా కొత్త బ్రేకు రబ్బర్లు ఏ రంగువి కొనాలని అడుగుతావా? రంగు కాదురా, కొలత చూడు. పాత ముక్క విప్పి జేబులో వేసుకెళ్ళి, దానికి సరిపోయేదే అడుగు. గోరుతో నొక్కితే కాస్త లొంగాలి. రాయిలా ఉన్నది ఊరికే ఇచ్చినా వద్దు. నూనె తాగినవి కడిగి మళ్ళీ పెట్టకు, అవతల పారెయ్యి. రిమ్ములు సబ్బునీళ్ళతో రుద్ది ఆరబెట్టు. రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకు కాదు. అంత సరదాగా ఉంటే నూనె చైనుకు పోసుకో.

అమ్మ కళ్ళజోడు వచ్చిందా? మేడమీద ట్యాంకు కారడం ఆగిందా? అవి రాయవేం?

రబ్బరు ముందు కొన వెంట్రుకవాసి ముందే రిమ్ముకు తగిలేలా బిగిస్తే కీచు కూడా పోతుంది. అది మాత్రం చెయ్యకు. సందు మొదట్లో ఆ కీచు వినపడ్డాకే అమ్మ పొయ్యి వెలిగిస్తుంది. ఈ పనే చేసే నేను ఇన్నాళ్ళూ దాన్నెందుకు ముట్టుకోలేదనుకున్నావు?

అమ్మకు, నాన్న మోచేతికి నమస్కారాలు. నీ వీపుకు నా దీవెనలు, వచ్చాక స్వయంగా.

అక్క